అక్క మంచం కిర్రుమంటే

కుర్చీలోంచి లేవడం కూడా ఒకరు నేర్పించాలా తల్లీ అని పుష్పావతి అడిగేసింది. మామూలుగా కాదు, మూతి తిప్పి మరీ అడిగింది. ఎదురుగా నిలబడిన అంబిక నవ్వింది. ఫిజియోథెరపీ చదివి, ఇళ్లకు తిరిగి రోగులచేత కసరత్తు చేయించే పిల్ల అది. ఇట్లాంటి మూతులు రోజూ ఎన్ని చూస్తుందో పాపం.

"నేర్పించాల ఆంటీ. మీరు ఊపిరి బిగబట్టి లేస్తా ఉండారు. అట్ల బిగబడితే గుండె మీద బరువు పడుతుంది. కొంచెం ముందుకు వంగండి. ఊపిరి వదులుతా మెల్లగా లేయండి. వేడి కాఫీ ఊదుకుంటాం చూడండి, పెదాలు అట్ల పెట్టండి."

పుష్పావతి పెదాలు సున్నా చుట్టి ఊదుకుంటూ లేచింది, మళ్లీ కూచుంది. అంబిక ఆమె వేలికి బట్టల క్లిప్పులాంటి చిన్న మిషన్ తగిలించి అంకె చూసి తలూపింది. తరువాత సగం నీళ్లు పోసిన బాటిళ్లు రెండు చేతికిచ్చి, భుజం దాటనివ్వకుండా ఎత్తి దించమంది. వంటగట్టు పట్టుకుని మడమలు లేపమంది. మాట్లాడుకుంటూ చేయగలిగినంతే చేయాలట. మాట రానంత ఆయాసం వస్తే ఆపేయాలట. తల తిరిగినా, గుండెలో నొప్పి అనిపించినా కూచుండిపోయి వెంటనే ఫోన్ చేయాలట.

డాక్టరు ముందే అంతా చూసి, ఈ కసరత్తు చేయొచ్చని చెప్పి పంపించాడు. పుష్పావతి ఊపిరితిత్తులు ఏళ్ల తరబడి ఊదుబత్తుల పొడి మింగి మింగి చెడిపోయాయి. వాటిలోకి రక్తం తోయలేక గుండె కుడిపక్క ఉబ్బింది. సాయంత్రానికి పాదాలు పొంగిన పూరీల్లా అవుతాయి. నీరు పోవడానికి మాత్రలున్నాయి, పీల్చుకోవడానికి మందుంది, ఇప్పుడు ఈ కసరత్తు.

ఇన్ని ఉన్నా పుష్పావతి కోరుకునేది ఒక్కటే. ప్రాణం ఉన్నన్నాళ్లు తన కాళ్ల మీద తాను బాత్రూంకి పోయి రావాలి. బెంగళూరులో కె.ఆర్.పురం స్టేషన్ వెనక సందులో వాళ్లుండేది పాత వఠారం. ఇళ్లన్నీ ఒక వరస, బాత్రూములు ఆ చివర. ఆ చివరిదాకా నడవలేని రోజు వస్తే తనకు ఎవరో ఒకరు పక్కమీదే బెడ్‌ప్యాన్ పెట్టాలి. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

"కాళ్లలో కండ ఉంటే గుండెకు కష్టం తగ్గుతుంది ఆంటీ," అంది అంబిక, సంచీ సర్దుకుంటూ. "ఆయాసమని పండుకుంటే కండ కరిగిపోతుంది. కరిగితే రెండడుగులకే ఇంకా ఆయాసం. చానామంది ఇండ్లల్లో ప్రేమకొద్దీ మంచానికి అతికించేస్తారు. అదే పెద్ద పొరపాటు."

పుష్పావతి చేతిలోని బాటిళ్లు కింద పెట్టేసింది. గోడవారన ఉన్న ఇనుప మంచం వైపు చూసింది. ఆ మంచం మీద ఉతికిన దుప్పటి, తలగడ, వాటిమీద ఒక్క ముడత లేదు.

"ఈ పొద్దుటికి చాల్లే పాపా," అంది.

ఆ మంచం ఎవరిదో చెప్పకపోతే ఈ కథ ముందుకు పోదు. అది అనసూయది, అంటే పుష్పావతి అక్కది. ఆయమ్మ పోయి రెండేళ్లు దాటింది. పోయినవాళ్ల మంచం ఇంట్లో ఉంచుకోరు, పాతసామాను కొనే గుజరీ అంగడివాడికి వేసేస్తారు. వఠారంలో అందరూ ఆ మాటే చెప్పారు. పుష్పావతి వింటేనా! మంచం ఉంచుకుంది, దాని పక్కనే నేల మీద చాప పరచుకుని పండుకుంటూ వచ్చింది. దాని మీద ఎవరినీ కూచోనివ్వలేదు, తానూ కూచోలేదు.

అంతవరకైతే పిచ్చి ప్రేమ అనుకోవచ్చు. అసలు సంగతి వేరే. పుష్పావతి బయటనుంచి వచ్చి గడపలో కాలు పెట్టబోతుందనగా లోపల మంచం కిర్రుమంటుంది. ఒక్కసారే. మనిషి బరువు ఒక్కపెట్టున పడితే వచ్చే చప్పుడు. దాని వెనకే నాలుగు ఊపిర్లు, ఉరుకులాడి వచ్చిన మనిషి ఊపిర్లు. లోపలికి పోయి చూస్తే ఎవరూ ఉండరు. దుప్పటి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

అక్క బతికుండగా ఆ చప్పుడు రోజూ విన్నదే. అప్పట్లో, నా అడుగు వినపడి అక్క ఇటు తిరిగింది అనుకుని పుష్పావతి మురిసిపోయేది. కర్మలన్నీ అయిపోయినాక ఒక పొద్దున బిందెతో నీళ్లు తెస్తుంటే మంచం కిర్రుమంది. "వచ్చేసినానక్కా" అని నోటినిండా పలికింది. పలికినాక గుర్తొచ్చింది. బిందె ఎట్లా దించిందో, నీళ్లు ఎంత ఒలికాయో ఆమెకు ఇప్పటికీ తెలీదు.

"ఎండకు ఇనుము సాగుతుంది చిన్నమ్మా, ఆ చప్పుడే," అంటుంది అర్చన. అర్చన అనసూయ కూతురు, చిన్నమ్మతోనే ఉంటుంది, బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసు పని. చదువుకున్న పిల్ల, బాగానే చెప్పింది. మరి వానాకాలంలో కూడా కిర్రుమంటుందే, అదేం సాగుడమ్మా? పైగా అంత చెప్పిన అర్చన కూడా ఏనాడూ ఆ మంచం మీద కూచోలేదు.

అక్కాచెల్లెళ్ల బతుకంతా ఆ ఇంట్లోనే జరిగింది. తల్లి చిన్నప్పుడే పోతే పుష్పావతికి జడ వేసిందీ, అన్నం పెట్టిందీ, పెళ్లి చేసిందీ అన్నీ అనసూయే. పెళ్లయిన రెండో ఏడు ఓల్డ్ మద్రాస్ రోడ్డులో లారీ కింద పడి పుష్పావతి మొగుడు పోతే, ఆటో కట్టించుకుని వచ్చి చెల్లెలిని ఎక్కించుకుని తెచ్చిందీ అనసూయే. అనసూయ మొగుడు అప్పటికే ఇల్లు వదిలి ఎటో పోయాడు. ఇద్దరాడవాళ్లు, మధ్యలో చంటిపిల్ల అర్చన. చెరో చెక్కపలక ముందేసుకుని ఎదురుబొదురు కూచుని ఊదుబత్తులు చుట్టారు. బొగ్గుపొడి, జిగురుపొడి కలిపిన ముద్దను వెదురుపుల్లకు అరచేత్తో దొర్లించడం, మీద పొడి చల్లడం, ఆరబెట్టడం. తలుపు వేసుకుని చుట్టేవాళ్లు, గాలికి పొడి ఎగిరిపోతుందని. ఎగిరిపోని ఆ పొడంతా ఎక్కడికి పోయిందో ఇద్దరికీ తరువాత తెలిసింది.

ముందు అనసూయకు వచ్చింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆయన చెంచాడు చెబితే పుష్పావతి బిందెడు పోసింది. "ఇంతకాలం నన్ను మోసినావు. ఇంక నువ్వు కాలు కింద పెట్టేదానికి లేదు" అని అక్కను మంచం ఎక్కించింది. అన్నం కలిపి నోట్లో పెట్టింది, తల దువ్వింది, పక్కమీదే ఒళ్లు తుడిచింది, ప్యాన్ పెట్టింది. అక్క లేస్తానంటే గదిమింది. "లేవొద్దు" అన్న మాట ఆ రోజుల్లో వఠారం అంతా వినపడేది. అనసూయ కాళ్లు చూస్తుండగానే వెదురుపుల్లలైపోయాయి. చివరికి నిజంగానే లేవలేకుండా అయి, కన్నుమూసింది. శవం లేచేరోజు ఎవరిని చూసినా ఒకటే మాట, చెల్లెలంటే పుష్పావతే చెల్లెలు అని. మొగుడు లేడు, పిల్లలు లేరు, పుష్పావతికి ఈ లోకంలో సొంతమని చెప్పుకోవడానికి మిగిలింది ఆ ఒక్క మాటే.

ఇప్పుడీ పిల్ల వచ్చి, మంచానికి అతికించడమే పొరపాటు అనేసి సంచీ తగిలించుకుని పోయింది.

అందుకే పుష్పావతి కసరత్తు చేయలేదు. అర్చన అడిగితే "చేసినానమ్మా" అనేది. బాటిళ్లలో నీళ్లు చెట్టుకు పోసేసేది. బద్ధకం అనుకుంటే పొరపాటే, ఆమెకు భయం. ఆ కసరత్తుతో తన కాళ్లు బాగుపడ్డాయంటే, అక్క కాళ్లు కూడా బాగుపడి ఉండేవని అర్థం. అప్పుడు అక్కను పొట్టన పెట్టుకున్నది ఎవరు? బాగుపడకపోతేనే నయం అనిపించేది ఒక్కోసారి. అట్లా అనిపించిన రోజు మంచం ఇంకా గట్టిగా కిర్రుమనేది.

దాని ఫలితం రానే వచ్చింది. ఒక ఆదివారం బాత్రూంకి పోయి తిరిగి వస్తుంటే దారి మధ్యలో మోకాళ్లు మొండికేశాయి. బట్టలుతికే బండ మీద కూలబడి, నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడింది. పక్కింటి మునివెంకటమ్మ చూసి పరుగున వచ్చి, ఆయాసం తగ్గినాక నడుం పట్టుకుని ఇంట్లోకి తెచ్చింది. మునివెంకటమ్మ పెద్దది, ఆ వఠారంలో ఎవరింట్లో పొయ్యి వెలిగిందో ఆరిందో చెప్పగల మనిషి.

అర్చనకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నువ్వేమీ చేస్తా లేవు కదా? అంబిక నీ కాళ్లు చూసి అప్పుడే చెప్పింది. నేల మీదనుంచి లేవలేకుండా ఉండావు. రేపటినుంచి అమ్మ మంచం మీద పండుకో. నేను ఆఫీసుకు పోయినప్పుడు ఎవరినైనా పెడతా, ప్యాన్..."

"నోరుముయ్!" అంది పుష్పావతి. అంత గొంతు ఆమెలో ఉందని ఆమెకే తెలీదు. "నేను చచ్చినా ఆ మంచం ఎక్కను. కసరత్తు కసరత్తు అని చంపుతారే, అది మంచిదని తేలితే మీ అమ్మను నేనే చంపినట్టు కదే! చెప్పు! నేను చంపినానా మీ అమ్మను?"

కాదు చిన్నమ్మా అని అర్చన అనాలి. ఎవరైనా అదే అంటారు. అర్చన లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు తోమడం మొదలెట్టింది. తలుపు దగ్గర కాఫీ లోటాతో నిలబడిన మునివెంకటమ్మ అంతా విని, లోటా గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు అర్చన మెట్రోకు బయలుదేరిన కాసేపటికి మునివెంకటమ్మ మళ్లీ వచ్చింది. వచ్చి గడప మీద కూచుంది. చెంగుతో మొహం తుడుచుకుంది. తుడిచినచోటే మళ్లీ తుడిచింది.

"పుష్పా, ఒక మాట ఉండాది. చెప్పనని మీ అక్కకు చేతిలో చెయ్యేసినా. నిన్న నువ్వు అరిచింది విన్నాక నాకు నిద్ర పట్లేదు."

"ఏమి?"

"మీ అక్క లేచేది."

పుష్పావతికి అర్థం కాలేదు.

"నువ్వు రేషన్‌కనో, మందులకనో, నీళ్లకనో పోతే చాలు, మెల్లగా లేచేది. మంచం కమ్మీ పట్టుకుని, గోడ పట్టుకుని ఇదో, ఈ గడప దాకా వచ్చేది. ఇక్కడ నిలబడి నాతో మాట్లాడేది. 'కాళ్లు చచ్చిపోతా ఉండాయి మునెంకటమ్మా, రోంత తిప్పితే ప్రాణం లేచొస్తాది' అనేది. సందు మొదట్లో నీ చెప్పుల చప్పుడు వినపడిందా, ఇంక చూడు, పడతా లేస్తా పోయి మంచం మీద పడేది."

పుష్పావతి ఒక్కో మాటా లోపలే కూడుకుంది. గడప. చెప్పుల చప్పుడు. మంచం మీద పడేది. కిర్రు. ఆ వెనక ఆ ఉరుకులాడే ఊపిర్లు.

ఆ ఊపిర్లు చూసే కదా తాను అనేది! లోపలికి వచ్చి, రొమ్ము ఎగిరెగిరి పడుతున్న అక్కను చూసి, "చూడు, పండుకోనుంటేనే ఇంత ఆయాసం. లేస్తే ఉంటావా నువ్వు? కదలొద్దు" అనేది. అని ఇంకో దుప్పటి కప్పేది. అక్క చిన్నపిల్లలా తలూపేది.

"ఎందుకు?" అంది పుష్పావతి. "ఎందుకు చెప్పలేదు నాకి?"

"నేనూ అడిగినా, ఎందుకమ్మా ఈ దొంగాట అని. 'దానికి నన్ను చూసుకునేది తప్ప ఇంకేముండాది మునెంకటమ్మా, నేను లేచి తిరిగితే అదేం చేసుకోవాల' అనింది. తరవాత తరవాత లేయలేకపోయింది. నువ్వు తిరునాళ్లకో యాడికో పోయిన్నాడు ఒకసారి పిలిచింది నన్ను, పట్టుకో అని. పట్టుకున్నా గానీ కాళ్లు నిలవలేదు."

మునివెంకటమ్మ పోయినాక పుష్పావతి మంచం వైపు తిరిగింది. ముందు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. "దొంగదానా," అంది మంచంతో. "నాటకాలాడతావా నాతో? నోరు లేదా నీకు? ఒక్క మాట, ఒక్క మాట అనుంటే! పుష్పా, నన్ను లేపవే అని ఒక్కసారి గట్టిగా అరచుంటే నేను వినకుండా పోయేదాన్నా?" అని అడిగి, వినేదాన్ని కాదని తానే ఒప్పుకుంది. అక్క అరిచింది కూడా, మొదట్లో. తాను గదిమింది. అది గుర్తొచ్చినాక ఏడుపొచ్చింది. పెద్దగా ఏడిస్తే ఆయాసం వస్తుంది కనుక ఆ ఏడుపు కూడా పెదాలు సున్నా చుట్టి, ఊదుకుంటూ, కొంచెం కొంచెంగానే ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం అంబిక వచ్చేసరికి పుష్పావతి కుర్చీలో సిద్ధంగా కూచుని ఉంది. పక్కన సగం నీళ్ల బాటిళ్లు.

"పాపా, ముందు నాకొకటి చెప్పు. నా మీద జాలిపడి చెప్పొద్దు. మా అక్కను నేను లేవనిచ్చుంటే బతికేదా?"

అంబిక సంచీ దించింది. కుర్చీ ఎదురుగా నేల మీద కూచుంది. "నేను ఆయమ్మను చూడలేదు ఆంటీ. జబ్బు ఎంతదాకా వచ్చిందో తెలీకుండా బతికేది అని చెబితే అది అబద్ధం. ఈ జబ్బు కసరత్తుతో పోయేది కాదు, మీది కూడా పోదు. కానీ కాళ్లు అంత తొందరగా పోయుండవు. ఇంకొన్నాళ్లు గడప దాకా నడిచుండేది."

"గడప దాకా," అంది పుష్పావతి.

"అంతే ఆంటీ."

పుష్పావతి ముందుకు వంగింది. ఊదుకుంటూ లేచింది. కాళ్లు గడగడ వణికాయి. నిలబడింది. కూచుంది. మళ్లీ లేచింది. అంబిక వేలికి క్లిప్పు పెట్టి అంకె చూసి, కాసేపు ఆగమంది. ఆగింది. తరువాత బాటిళ్లు తీసుకుంది.

కసరత్తు మంత్రమేమీ కాదు. కొన్ని రోజులు పాదాలు వాచి అడుగు పడేది కాదు. ఆ రోజుల్లో అంబిక ఏమీ చేయొద్దని డాక్టరుకు ఫోన్ చేసేది, మాత్ర మార్చేవాళ్లు. ఒకసారి తల తిరిగితే వారమంతా కూచునే చేయించింది. అయినా రోజులు గడిచేకొద్దీ కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనడం తగ్గింది. రాగి సంగటి కెలికే తెడ్డు మళ్లీ చేతిలో నిలిచింది. అర్చన కొత్త మంచం ఒకటి తెచ్చి ఇంకో గోడకు వేసింది, ఎత్తుగా, లేవడానికి వీలుగా. పాత మంచాన్ని తీసేద్దామా అని అడగబోయి మానుకుంది. ఒకరోజు రాత్రి అన్నం తింటూ, "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నేనేమీ అనలేకపోయినా చిన్నమ్మా," అంది. "అమ్మను నువ్వు చూసుకుంటా ఉండావని నేను కూడా హాయిగా ఆఫీసుకు పోతా ఉంటిని కదా. నేను మాత్రం ఏం అడిగినా?" పుష్పావతి ఆ పిల్ల గిన్నెలో ఇంకొంచెం చారు పోసింది.

ప్రతి ఒక్క మెరుగుకూ ఆమెకు గుండెలో ముల్లు దిగేది. గడప దాకా పోయిన రోజు, అక్క ఇక్కడ నిలబడేది అనుకుంది. బట్టల బండ దాకా పోయిన రోజు, అక్క ఇక్కడి దాకా కూడా వచ్చుండేదేమో అనుకుంది. సంతోషం దుఃఖం వేరుచేసి చూసుకోలేకపోయింది. ఒకటి మాత్రం మారలేదు. ఎంత దూరం పోయి వచ్చినా, గడపలో కాలు పెట్టబోతుందనగా మంచం కిర్రుమనేది. ఇప్పుడు ఆ చప్పుడుకు అర్థం తెలుసు. తెలిసినాక అది వినడం ఇంకా కష్టమైంది. చచ్చి రెండేళ్లయినా అక్క తన చెప్పుల చప్పుడు వింటూనే ఉంది, తనకోసం పరుగెత్తి పోయి పడుతూనే ఉంది.

చివరికి ఒక పొద్దున పుష్పావతి ఒక్కతే బాత్రూం దాకా పోయింది. మునివెంకటమ్మ తన గుమ్మంలోంచి చూస్తూ కూడా లేవలేదు, లేస్తే తిడుతుందని తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు బండ దగ్గర నిలబడి ఊపిరి వదిలింది. మళ్లీ నడిచింది. దూరంగా స్టేషన్లోకి ఏదో రైలు వస్తోంది. తన ఇల్లు ఇంకా నాలుగడుగులుందనగా ఆగిపోయింది.

చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుందామా అనుకుంది. చప్పుడు కాకుండా పోతే అక్కకు తెలీదు కదా. అది కూడా దొంగాటే అనిపించి మానుకుంది. గోడకు చెయ్యి ఆనించి, లోపలికి వినపడేలా గొంతెత్తింది.

"అక్కా, నేనే వస్తా ఉండా. పరుగెత్తొద్దు. పండుకోవద్దు. నువ్వెక్కడ నిలబడి ఉండావో ఆడనే నిలబడు."

మునివెంకటమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పుష్పావతి కాసేపు విన్నది. రైలు ఆగింది. ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. మంచం కిర్రుమనలేదు. ఆమె చెప్పులు బయట విడిచి, గడప మీద ఎవరో నిలబడి ఉంటే ఒదిగి పోయినట్టు ఒక పక్కగా గడప దాటి, లోపలికి పోయి కుర్చీలో కూచుంది. పెదాలు సున్నా చుట్టి ఊపిరి వదిలింది. వదిలి, ముందుకు వంగి, మళ్లీ లేచింది.

"రా అక్కా," అంది, "నాతో పాటు నువ్వూ."